ఎర్మెలిందా కొట్లో చప్పుడు

కుస్కో ఊళ్లో శాన్ బ్లాస్ పేటకు ఎక్కే రాతిమెట్ల దారిలో సగం ఎక్కేసరికి ఎంతటి మొనగాడికైనా ఊపిరి ఆడదు. సరిగ్గా అందరూ ఆగి ఆయాసం తీర్చుకునే చోటే ఎర్మెలిందా టీటో కొట్టు. నీలిరంగు తలుపు, తలుపుకు ఒక చెక్క పలక. పలక మీద ఎర్ర అక్షరాలతో "పిల్లలు గడప అవతలే ఉండాలి" అని రాసి ఉంటుంది. ఆ ముక్కకు ముందు "దయచేసి" అని కూడా ఉండేదట. ఎండకూ వానకూ అదొక్కటే చెరిగిపోయింది. దాన్ని మళ్లీ దిద్దాలని ఎర్మెలిందాకు ఏనాడూ తోచలేదు.

తమాషా ఏమిటంటే, ఆ కొట్టు నిండా పిల్లలే. గోడ పొడుగునా బల్లల మీద, అరల మీద, పాత కుర్చీల మీద పాతిక ముప్ఫైమంది కూర్చునీ పడుకునీ ఉంటారు. ఒక్కడూ నోరెత్తడు. వాళ్లంతా బాలయేసు బొమ్మలు. ఊళ్లో అందరూ ముద్దుగా పిలుచుకునే మనుయెలీతోలు. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ ఆడవాళ్లు తమ ఇంటి మనుయెలీతోను శాలువాలో చుట్టి, కన్నబిడ్డలాగే వీపున కట్టుకుని, ఆ మెట్లెక్కి వస్తారు. ఒకడికి వేలు విరిగి ఉంటుంది. ఒకడికి చెంప పెచ్చులూడి ఉంటుంది. ఇంకొకడి కనురెప్పలు పురుగు కొట్టేసి ఉంటుంది. అందరికీ కొత్త చొక్కాలు కావాలి, కొత్త చెప్పులు కావాలి. దేవుడి గూట్లో ఏడాదంతా కదలకుండా కూర్చున్నవాడి చెప్పులు ఎలా అరుగుతాయని అడిగే తెలివితక్కువవాళ్లు ఆ ఊళ్లో లేరు. అందరూ పడుకున్నాక వాడు పొలాల మీద పడి ఆడుకుని వస్తాడు. అంతే.

ఎర్మెలిందాకు అరవై ఒకటో ఏడు. సన్నటి మనిషి, వెనక రెండు జడలు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. ఆ కొట్టు తండ్రిది, ఆ పనీ తండ్రిదే. నాలుగేళ్లప్పుడు ఆవిడ తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం బంకమన్ను కలపడం కాదు, ప్రార్థన కూడా కాదు. "మనుయెలీతో ముందు గొంతెత్తకూడదు." ఆ రోజు వేలికి ఉలి తగిలి రక్తం కారుతుంటే చప్పుడు కాకుండా ఏడవడం కూడా నేర్చుకుంది. తనకు చేతనైంది గనక ప్రతి పిల్లకూ చేతనవుతుందనీ, కావాలని అరుస్తారు తప్ప లేకపోతే అరవరనీ ఆవిడ గట్టి నమ్మకం.

ఆవిడ వైపు న్యాయం లేదని మాత్రం అనలేం. గాజుకంటి పైన ఒక్కొక్క వెంట్రుకా అతికించేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టుకుంటుంది. ఆ సమయంలో వెనక ఎవడో ఒక బుడతడు కెవ్వుమన్నాడనుకోండి, రెప్ప మీద ఉండాల్సిన వెంట్రుక ముక్కు మీదికి వస్తుంది. ఒకసారి టోపీలవాడి కొడుకు గాజుకళ్ల పళ్లెం మీద పడ్డాడు. ముప్ఫై కళ్లు గడప దాటి, మెట్లమీద టకటకా దొర్లుకుంటూ పోయాయి. పేట పేటంతా వంగి వెతికింది. రెండు కళ్లకు జోడీ దొరకనే లేదు. ఇప్పటికీ ఒక ఇంట్లో మనుయెలీతో ఒక కన్ను గోధుమరంగు, ఒక కన్ను నల్లరంగు పెట్టుకుని, వచ్చినవాళ్లను అనుమానంగా చూస్తుంటాడు. పలక వెలిసింది ఆ మర్నాడే.

ఆ పలక గురించి పేట రెండుగా చీలిపోయింది. పైమెట్టు మీద కొవ్వొత్తులు పోసే ముసలి అబెలీనో "కొట్టు కొట్టే, వీధి వీధే. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే పనివాడు పని చేసేదెట్లా?" అని ఎర్మెలిందా పక్షం. ఎదురరుగు మీద రొట్టెలమ్మే సతుర్నీనా పిల్లల పక్షం. ఆవిడకు ఏడుగురు పిల్లలు, నోరు మాత్రం పధ్నాలుగు మంది పెట్టు.

"దోన్యా ఎర్మెలిందా, పండగ ఎవరిదండీ?" అని అరుగు మీంచే కేకేసేది సతుర్నీనా. "పసివాడిదేగా! ఆ పసివాడి కొట్లోకి పసివాళ్లు రాకూడదా? పెళ్లికొడుకును పందిట్లోకి రానీకుండా పెళ్లి చేసినట్టుంది మీ యవ్వారం!"

"పసివాళ్లు రావచ్చు," అనేది ఎర్మెలిందా తల ఎత్తకుండా. "చప్పుడే రాకూడదు."

"చప్పుడు లేని పిల్లల్ని ఎక్కడ కంటారో చెప్పండి, నేనూ ఒకళ్లను కంటాను."

నలుగురూ నవ్వేవారు. ఎర్మెలిందా తలుపు దగ్గరికి వేసుకునేది. పట్టించుకోనట్టే ఉండేది గానీ ఒకటి మాత్రం లోపల గుచ్చుకునేది. ఆ పేటలో ఒకరి బిడ్డకు దేవుడి ఎదుట రెండో తల్లిగా, అంటే జ్ఞానతల్లిగా, నిలబడితే ఆ బిడ్డ తల్లికి కొమాద్రే అవుతారు. తోడబుట్టినదానికన్నా ఎక్కువ. అరవై దాటిన ఆడది మెట్లు దిగి బజారుకు వెళ్తే "కొమాద్రే, ఇటు రా!" "కొమాద్రే, ఇది తిను!" అని అడుగడుక్కీ పిలుపులే. ఎర్మెలిందాను అందరూ "దోన్యా" అని గౌరవంగా పిలిచి పక్కకు తప్పుకునేవారు. ఇన్ని వందలమంది పిల్లలకు కళ్లు పెట్టి, పళ్లు పెట్టి, చెప్పులు తొడిగిన మనిషిని ఒక్క తల్లి కూడా తన బిడ్డకు జ్ఞానతల్లిగా రమ్మని అడగలేదు. పిల్లాణ్ణి గడప అవతల నిలబెట్టినదాన్ని ఎవరడుగుతారు? ఆవిడకూ తెలుసు. తెలిసీ నొప్పిగా ఉండేది.

ఇంకొక సంగతి ఆవిడకు తెలియదు. కొన్నేళ్లుగా ఆవిడ బాగుచేసిన మనుయెలీతోలను తీసుకుపోయే ఆడవాళ్లు "బాగున్నాడమ్మా" అని గుసగుసగా అని, మెల్లగా నడిచి వెళ్లిపోతున్నారు. తండ్రి రోజుల్లోలాగా ఎవరూ "వచ్చాడు, మావాడు వచ్చాడు!" అని గుండెకు హత్తుకోవడం లేదు. ఒకావిడ "నిద్రపోతున్నట్టున్నాడు" అంటే ఎర్మెలిందా దాన్ని మెప్పుకోలు అనుకుంది.

ఆ ఏడు డిసెంబరు రెండోవారంలో బసీలియా వచ్చింది. వైరాపాత అనే పైకొండల పల్లె మనిషి. ఇరవై రెండు ఇరవైమూడేళ్లు ఉంటాయి, చలికి పగిలిన ఎర్రటి బుగ్గలు. చేతుల్లో ఒక మూట, వీపున ఒక మూట. రెండూ ఒకే నేత శాలువాలు, ఎరుపు మీద పచ్చ చారలు, ఆమె మగ్గం మీద ఆమె నేసుకున్నవే. గడప దగ్గర సతుర్నీనా ఆపి, పలక మీది మాట చదివి వినిపించింది. బసీలియా వీపు మీది మూట విప్పి, పదకొండు నెలల అన్సెల్మోను రొట్టెల బుట్టల మధ్య దించి, చేతిలో మూటతో లోపలికి వెళ్లింది.

ఎర్మెలిందా మూట విప్పి, కళ్లజోడు పెట్టుకుని చూసింది. పాత మనుయెలీతో, చాలా పాతవాడు. కళ్లు చక్కగా ఉన్నాయి, చెవులు ఉన్నాయి. ముక్కు కింద మాత్రం ఏమీ లేదు. నోరంతా పోయి తెల్లటి ప్లాస్టర్ గుంట మిగిలింది.

"పోయినేడు ఊరేగింపులో బోర్లా పడ్డాడమ్మా," అంది బసీలియా. "ఈ ఏడు పండగ జరిపే వంతు మా ఇంటి మీద పడింది. మా ఆయన రోడ్డుపనికి పోయాడు, అంతా నేనే చూసుకోవాలి. మావాణ్ణి నవ్వే మనుయెలీతో అంటారు. వాడు నవ్వుతుంటేనే వడగళ్లు మా దుంపల మీద పడవు. నవ్వకుండా తీసుకుపోయాననుకోండి, మా ఊళ్లో నన్ను బతకనివ్వరు."

"ఎట్లా నవ్వేవాడు?"

బసీలియా ఆలోచించింది. "అరవబోయే ముందు నవ్వుతారే, అట్లా."

"అరవబోయేవాడు నవ్వడం ఏమిటి?"

"పిల్లలు అంతే కదమ్మా," అంది బసీలియా, అదేం ప్రశ్న అన్నట్టు. ఎర్మెలిందా కళ్లజోడు తుడుచుకుంది. ఆ మాట ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ఇరవై నాలుగో తారీఖు పొద్దున్న నవ్వుతాడు, పో," అని మాట ఇచ్చేసింది.

మనుయెలీతో నోరంటే మాటలు కాదు. పెదవులు, ఈక కాడతో చెక్కిన పళ్లు, నాలుక, అన్నిటికీ పైన అంగిట్లో ఒక అద్దం ముక్క. కొవ్వొత్తి వెలుగు లోపల పడితే ఆ అద్దం తడిగా మెరుస్తుంది, పిల్లాడు ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఎర్మెలిందా మొదటిసారి చేసిన నోటికి పెదవి కొసలు రవ్వంత పైకి లేచాయి. బసీలియా చూసి తల అడ్డంగా ఊపింది. రెండోసారి పళ్లు కాస్త బయటికి తెచ్చింది. బసీలియా ఇంకాసేపు చూసి, మళ్లీ తల ఊపింది. ఊళ్లో పిన్ని వరసామె ఇంట్లో దిగి, రోజూ వచ్చేది పాపం. వచ్చినప్పుడల్లా అన్సెల్మో అవతల సతుర్నీనా రేకుమూత మీద చెక్కగరిటెతో దబదబా బాదేవాడు. దానికి తోడు "దా! దా! దా!" అని కేకలు. లోపలినించి ఎర్మెలిందా "ష్ష్" అనేది. వాడు ఇంకా ఉత్సాహంగా బాదేవాడు.

"తాళం మీకు నచ్చలేదా, దోన్యా?" అని సతుర్నీనా వెటకారం. "ఇంకో రాగం వాయిస్తాడు, ఉండండి."

ఇరవై రెండో తారీఖున మూడోసారి గుడ్డ తొలగించింది ఎర్మెలిందా. అంత అందమైన నోరు ఆవిడ జన్మలో చేయలేదు. గులాబీరేకుల్లాంటి పెదవులు, వరసతప్పని పళ్లు. బసీలియా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత ముద్దుగా ఉన్నాడో అమ్మా," అంది. "మావాడు కాదు."

"ఎందుక్కాదు?"

"ఏమో అమ్మా. వీడు ఎవరో కోప్పడతారని నవ్వుతున్నట్టున్నాడు."

బసీలియా వెళ్లాక ఎర్మెలిందా ఉలి తీసుకుని ఆ అందమైన నోటిని తనే కొట్టేసింది. నలభై ఏళ్ల పనిలో ఏ తల్లి బిడ్డనూ ఇలా నోరు లేకుండా తిరిగి ఇవ్వాల్సిన గతి పట్టలేదు. ఇంక రెండు రోజులే ఉంది. ఆవిడకు భయం వేసింది. ఎవరో కోప్పడతారని నవ్వే నోరు ఏమిటో ఆవిడకు తెలుసు. తన చిన్నప్పుడు ఆ కొట్లో అటువంటి నోరు ఒకటి ఉండేది.

మర్నాడు పొద్దుటినించీ ఒకటే వాన. మబ్బు మెట్లదారిలోకి దిగి, గుమ్మాల ముందు ఆవులా నిలబడిపోయింది. నీళ్లు మధ్యకాలవలో చిన్నగా పాడుకుంటూ పోతున్నాయి. ఎర్మెలిందా లోపలి గదిలో జిగురు కాస్తూ ముక్కాలిపీట మీద కూర్చుంది. జిగురు ఆవిరి వెచ్చగా మొహానికి తగులుతుంటే కళ్లు మూతలుపడ్డాయి. మూతపడ్డాయో లేదో ఆవిడకు సరిగ్గా తెలియదు, ఎందుకంటే కొట్టు అట్లాగే కనిపిస్తోంది. అరల మీద మనుయెలీతోలు ఒక్కొక్కడూ కాళ్లు కిందికి వేలాడేసి దిగుతున్నాడు. కొత్త చెప్పులు చేత్తో పట్టుకున్నారు, నేల తడి అని. వరసగా గడప దాటి మెట్లమీద పరుగెత్తుతున్నారు. ఒకణ్ణొకడు తోసుకుంటున్నారు, నీళ్లు చల్లుకుంటున్నారు. అందరి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి. ఒక్క నోట్లోంచీ చప్పుడు రావడం లేదు. "అరవండిరా," అందామనుకుంది ఎర్మెలిందా. ఆవిడ నోట్లోంచీ చప్పుడు రాలేదు.

ఆ వేళకే బయట సతుర్నీనా పందిరిగుడ్డ చిల్లుపడి నీళ్లు ధారగా కారుతున్నాయి. బసీలియా వీపు మీద అన్సెల్మో నిద్రపోయాడు. ఇంత వానలో పసివాణ్ణి ఎక్కడ పడుకోబెట్టేది? నిద్రపోయే పిల్లాడు చప్పుడు చేయడు గదా, పలక పెట్టింది చప్పుడుకే గదా అనుకుంది బసీలియా. పిల్లిలా లోపలికి వచ్చి, వంతు కోసం మూటల్లో ఎదురుచూస్తున్న మనుయెలీతోల వరసలో, బల్ల చివర, తన మూటనూ మెల్లగా పెట్టింది. లేస్తే ఆకలంటాడు, ఒక రొట్టె కొనుక్కొద్దాం, ఒక్క నిమిషం అనుకుని గడప దాటింది. సతుర్నీనా దగ్గర ఒక్క నిమిషం అంటే ఎంతో ఆ పేటవాళ్లను అడగాలి.

ఎర్మెలిందా జిగురు గిన్నె పట్టుకుని ఇవతలికి వచ్చింది. ఇంకా కలలోనే ఉంది. కళ్లజోడుకు ఆవిరి పట్టింది. బల్ల చివర ఎర్రటి శాలువా, పచ్చ చారలు. వైరాపాతవాడు. వీణ్ణి లోపల పెట్టానే, ఇక్కడికెప్పుడు తెచ్చాను అనుకుంది, అంతలోనే మరిచిపోయింది. మూట ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. బరువెక్కాడు, చెమ్మ పీల్చుకున్నాడు గావును. వెచ్చగా ఉన్నాడు, పొయ్యి పక్కన పెట్టానేమో. కల ఎంత మంచిదో, అన్నిటికీ జవాబు చెప్పేస్తుంది.

మనుషులతో ముళ్లలా మాట్లాడే ఎర్మెలిందా, ఎవరూ లేనప్పుడు మనుయెలీతోలతో వెన్నలా మాట్లాడేది. "ఏరా నాన్నా," అంది శాలువా తొలగిస్తూ. "నన్నెందుకురా ఇట్లా ఏడిపిస్తున్నావు? ఏదీ, నోరు తెరువు నా తండ్రీ. అద్దం ఎక్కడ పెట్టాలో చూడనీ." పెదవుల మధ్యకు చూపుడువేలు పెట్టి, అంగిలి కోసం తడిమింది.

మెత్తగా ఉంది. తడిగా ఉంది. ఆ తర్వాత నాలుగు పళ్లు దిగాయి.

ఎర్మెలిందా అరిచింది. మామూలు అరుపు కాదు. అరవై ఏళ్లుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు అరిచింది. జిగురు గిన్నె ఎగిరి గోడకు తగిలింది. పై మెట్టు మీద అబెలీనో కొవ్వొత్తుల అచ్చు వదిలేశాడు. ఒళ్లోని పిల్లాడు ఉలిక్కిపడి లేచి, ఎదురుగా అంతెత్తున తెరుచుకున్న నోటిని చూశాడు. చూసి, తన నోరూ తెరిచాడు.

అక్కడ వాడొక్క క్షణం ఆగిపోయాడు. ఏడవాలా, నవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. నాలుక లేచి నిలబడింది. కింది పెదవి కాస్త ఒక పక్కకు వంగింది. పళ్లు పొడుగూపొట్టీగా ఉన్నాయి. లోపల, చాలా లోపల, అంగిలి తడిగా ధగధగా మెరుస్తోంది. అరవబోయే ముందు నవ్వు! ఎర్మెలిందా కళ్లజోడు చొక్కా అంచుతో గబగబా తుడిచి పెట్టుకుంది. ఇన్నేళ్లూ అద్దాన్ని పెదవుల వెనకే పెడుతూ వచ్చింది, అందరికీ కనబడాలని. ఇక్కడ అది గొంతు దగ్గర ఉంది, ఇంటి చివర వెలిగించిన దీపంలా.

అప్పుడు అన్సెల్మో తేల్చుకున్నాడు. కెవ్వుమన్నాడు.

సతుర్నీనా, బసీలియా ఒకరినొకరు తోసుకుంటూ లోపలికొచ్చారు. "తప్పయిపోయిందమ్మా!" అంది బసీలియా చేతులు జోడించి. "నిద్రపోతున్నాడు గదా అని పెట్టాను. ఇప్పుడే తీసుకుపోతాను, ఇప్పుడే..."

"ఎక్కడికి తీసుకుపోయేది?" అంది ఎర్మెలిందా పిల్లాణ్ణి వదలకుండా. వేలినించి రక్తం కారుతోంది. "కిటికీ దగ్గరికి కుర్చీ లాగు. సతుర్నీనా, ఆ ప్లాస్టర్ తట్ట ఇటు పట్రా. వీడు నోరు మూశాడంటే నీదే పూచీ."

సతుర్నీనా తట్ట అందుకుంది. అందుకుని ఊరుకునే మనిషా! "ఇదేం చిత్రమమ్మా! ఇన్నాళ్లూ మూయమని, ఇప్పుడు తెరవమనా?"

పాలు తాగి అన్సెల్మో ఊరుకున్నాడు. ఊరుకుని కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు, సాధువులాగా. ఇప్పుడు ఏం చేసినా నోరు తెరవడే! బసీలియా చక్కిలిగింతలు పెట్టింది. సతుర్నీనా గంతులేసింది. వాడు మాత్రం ఎర్మెలిందానే చూస్తున్నాడు.

"మీరే అరవాలి, దోన్యా," అంది సతుర్నీనా. "ఇందాక మీ నోరు చూసేగా వాడు తెరిచాడు."

"నేనా?"

"కాదు, అబెలీనో! అరవండి, సిగ్గెందుకు? కోడిలా కూయండి, కుక్కలా మొరగండి."

ఎర్మెలిందా చుట్టూ చూసింది. అరల మీద ముప్ఫైమంది మనుయెలీతోలు చూస్తున్నారు. వాళ్ల ముందు గొంతెత్తకూడదు. గొంతు సవరించుకుని "కొక్కొరోకో" అంది, పాపం ఒప్పుకుంటున్నట్టు మెల్లగా. అన్సెల్మో కనుబొమలు ముడిచాడు. "కొక్కొరోకో," అంది కాస్త గట్టిగా. వాడి కింది పెదవి వంగింది. మూడోసారి ఆవిడ లేచి నిలబడి, రెండు చేతులూ రెక్కల్లా ఆడించి, కప్పు ఎగిరేలా కూసింది. పిల్లాడు నోరు తెరిచి, ఆగి, విరగబడి నవ్వాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆ కొట్లో ఏం జరిగిందని పేటంతా చెవులు కొరుక్కుంది. కోడి కూతలు, రేకుమూత మోతలు, పిల్లాడి కేకలు, మధ్యమధ్య "ఆఁ, అట్లా ఉంచు, అట్లా!" అని ఎర్మెలిందా గొంతు. కింది పెదవి దిద్దుతుండగా అన్సెల్మో చెవి పక్కన ఒక్క అరుపు అరిచాడు, పనిముట్టు వెంట్రుకవాసి ఎడమకు జారింది. ఎర్మెలిందా సరిచేయబోయి, దూరంగా పట్టుకుని చూసింది. జారిన పెదవి జారినట్టే ఉంచేసింది. చప్పుడులో పని సాగదని ఆవిడ అన్నది అబద్ధం కాదు, ఆ ఒక్క నోటికి మూడు రోజుల ఓపిక ఒక్క పూటలో కరిగిపోయింది. ఒళ్లు హూనమైంది. చెవులు గింగిరాలెత్తాయి. అంత సంతోషం మాత్రం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

ఇరవై నాలుగు పొద్దున్న వాన వెలిసింది. బసీలియా ప్రయాణం కట్టుకుని వచ్చింది. చంకలో అన్సెల్మో, గడప దాటి లోపలికే వచ్చాడు. ఎర్మెలిందా గుడ్డ తీసింది. తీసి పక్కకు చూస్తూ నిలబడింది, బసీలియా మొహం చూసే ధైర్యం లేక.

బసీలియా ముందుకు వంగింది. మనుయెలీతోను కిటికీ వెలుగుకు తిప్పింది. లోపల ఎక్కడో అద్దం తడిగా మెరిసింది. నాలుక లేచి ఉంది, పెదవి ఒక పక్కకు వంగి ఉంది, ఏడుస్తాడో నవ్వుతాడో ఇంకొక్క క్షణంలో తెలిసిపోతుంది. చంకలో అన్సెల్మో వాణ్ణి చూశాడు. ఒళ్లంతా ఎగరేసి "దా!" అని ఒక్క కేక పెట్టాడు, వీధిలో దోస్తును చూసినట్టు. కేకేసి, జవాబు కోసం ఆగాడు.

"వీడే," అంది బసీలియా. "వచ్చాడమ్మా. మావాడు వచ్చాడు." మనుయెలీతోను ఒక భుజానికి, కొడుకును ఒక భుజానికి హత్తుకుంది.

ఎర్మెలిందా బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. బసీలియా తెచ్చిన ఎండుదుంపల మూట అందుకుంది, శాలువా ముడి సరిగ్గా ఉందో లేదో చూసింది. ఇంక చెప్పడానికేమీ లేదు. కానీ బసీలియా కదలలేదు.

"అమ్మా, ఒకటి అడగనా? కోప్పడరు గదా?"

"అడుగు."

"వీడికింకా పుట్టువెంట్రుకలు తీయలేదు. తీసి మనుయెలీతో తలకు ఇస్తామని మొక్కు. మొదటి కత్తెర పెట్టినవాళ్లే జ్ఞానతల్లి మాకు. మా ఆయన వాళ్ల మేనత్తను అనుకున్నాడు. నేను రాత్రే ఫోన్ చేసి వద్దన్నాను." బసీలియా నేల చూపులు చూసింది. "కొండలన్నీ ఎక్కి రావాలి మీరు. మాది పేద కొంప. అయినా..."

ఎర్మెలిందా కుర్చీ వీపు పట్టుకుంది. మెట్లదారిలో ఊపిరి ఆడనివాళ్లు పట్టుకున్నట్టే పట్టుకుంది. నోటికి వచ్చిన మాట కూడా పనివాళ్ల మాటే.

"కత్తెర చూస్తే ఏడుస్తాడేమో."

"ఏడవడమా!" అంది బసీలియా. "కొండ అవతలి ఊరికి వినిపించేట్టు ఏడుస్తాడు, కొమాద్రే."

"ఏడవనీ," అంది ఎర్మెలిందా. ఆ మాట బయట రొట్టెల అరుగు దాకా వినిపించింది.